పొద్దున్నే మొదట ఏం తెరుస్తారండీ?

పెన్సిలు రబ్బరు వాసన తగిలితే చాలు, నాకు సుగుణ మేడమ్ గారు గుర్తుకొస్తారు. బళ్ళో పిల్లలు తప్పులు చెరుపుకునే ఆ రబ్బరే మా పనిలోనూ వాడతాం. కంప్యూటర్‌లోంచి ర్యామ్ ముక్క ఊడదీసి, దాని అంచున ఉన్న బంగారు రంగు గీతల మీద రబ్బరుతో మెల్లగా రుద్దితే, మా కోనసీమ తేమకి పట్టిన మసక వదిలిపోయి అవి మళ్ళీ తళతళలాడతాయి. సగం జబ్బులు దానితోనే కుదురుతాయి. ఈ మధ్యాహ్నం అమలాపురంలోని నా సర్వీసు షాపులో అదే పని చేస్తూ కూర్చున్నాను. వేలి వేడికి గులాబీ రంగు రబ్బరు సెంటు వాసన పైకి లేచింది, నేను పన్నెండేళ్ళు వెనక్కి వెళ్ళిపోయాను. బల్ల మీద ఉన్న కంప్యూటర్ ఎవరిదో తరవాత చెబుతాను. ముందు మేడమ్ గారి గురించి చెప్పాలి. ఆవిణ్ణి మీరు చూసి ఉండరు. చూసినా గుర్తుండే అవకాశం తక్కువ, అంత తక్కువ చప్పుడు చేసే మనిషి.

అమలాపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆవిడ కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌చార్జి. రాజోలు అవతల పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. వాళ్ళ నాన్నగారు ఒకరి పొలాల్లో కూలికి వెళ్ళి ఇద్దరు ఆడపిల్లల్ని మిషన్ స్కూల్లో చదివించారట. "మా నాన్నకి చదువు రాదు గానీ, మేం పైకి చదువుతుంటే పక్కన కూర్చుని వినేవాడమ్మా" అని ఒకసారి చెప్పారు. సన్న అంచు నేత చీర, మెడలో చిన్న శిలువ, చేతిసంచీలో బైబిలు, టిఫిన్ డబ్బా, ఒక స్క్రూడ్రైవర్. ఇవి లేకుండా నేను ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు. చదివింది లెక్కలు. కంప్యూటర్ మాత్రం ఎవరూ నేర్పలేదు, పాత మిషన్లు విప్పి బిగించి, బిగించి విప్పి, తనంతట తానే నేర్చుకున్నారు.

ఇక నా సంగతి. మాది కొత్తపేట పక్కన పల్లె, కొబ్బరితోటల మధ్య ఇల్లు. డిప్లొమా పూర్తిచేసి ఆవిడ దగ్గర ల్యాబ్ అసిస్టెంటుగా చేరేనాటికి నాకు ఇరవై మూడేళ్ళు. తెలివి ఉంది, తొందర అంతకు మించి ఉంది. విండోస్ ఎక్కించే పెన్ డ్రైవ్ ఒకటి ఎర్రదారానికి కట్టి మెడలో వేసుకు తిరిగేదాన్ని. ఆఫీసులో గుమాస్తాలు "నాగమణి గారికి పెళ్ళయిపోయిందండోయ్, పెళ్ళికొడుకు మెళ్ళోనే వేలాడతన్నాడు" అని ఏడిపించేవారు. నాకు మాత్రం అది పతకంలా ఉండేది. ఎవరి మిషన్ మొరాయించినా నా మందు ఒక్కటే, ఉన్నదంతా తుడిచేసి మళ్ళీ కొత్తగా ఎక్కించడం. దాన్నే ఫార్మాట్ కొట్టడం అంటాం. మదర్‌బోర్డు మారిందా, కొట్టేయ్. డిస్క్ మారిందా, కొట్టేయ్. ర్యామ్ ఒక్కటే పెంచినా, పనిలో పని కొట్టేయ్. గంటన్నరలో మిషన్ కడిగిన పళ్ళెంలా బయటికొచ్చేది, అందరూ ఆహా అనేవారు. అంతకంటే ఏం కావాలి?

చేరిన మొదటి వారంలోనే ఆవిడకి దొరికిపోయాను. ల్యాబ్‌లో మిషన్లకి కొత్త ర్యామ్ వచ్చింది. ఒకదానికి బిగించి, అలవాటుగా మెడలోంచి పెన్ డ్రైవ్ తీశాను.

"అదెందుకమ్మా?" అన్నారు మేడమ్ గారు.

"ర్యామ్ మారింది గదండీ. ఫ్రెష్‌గా ఎక్కించేస్తే హాయిగా పరిగెడుతుందండి."

"అది అడిగిందా?"

"ఏదండీ?"

"మిషను. నన్ను తుడిచెయ్యండి అని అడిగిందా?"

మొహం గంటు పెట్టుకుని స్విచ్ వేశాను. మిషన్ పెరిగిన ర్యామ్ లెక్క తనే చూసుకుని, ఏమీ జరగనట్టు లేచి కూర్చుంది. "చూసేవా? ఇంటి పైకప్పు మార్పిస్తే గిన్నెలన్నీ వీధిలో పారబోసుకోం గదా" అని, టిఫిన్ డబ్బా తీసి తన ఇడ్లీల్లో సగం నాకు పెట్టారు. ఇడ్లీ తిన్నాను గానీ మాట ఒంటబట్టలేదు.

అది ఒంటబట్టడానికి సీతారత్నం గారు నష్టపోవాల్సి వచ్చింది. ఆవిడ మా కాలేజీ లైబ్రేరియన్. ఆవిడ మిషన్ మరీ నత్తనడక నడుస్తోందని పాత డిస్క్ తీసి కొత్తది వేశాను. పాతదాన్ని తుడిచి ఇంకో మిషన్‌లో పెట్టేశాను. అడక్కుండా చేశానా అంటే, లేదు, అడిగాను. "ఏమైనా ఉన్నాయాండీ ఇందులో?" అంటే, "ఆయ్, ఏమీ లేవండి, కొట్టేయండి" అన్నారు నవ్వుతూ. మర్నాడు పొద్దున్న వెళ్ళేసరికి ఆవిడ కొత్త తెర ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఏ పుస్తకం ఏ బీరువాలో ఏ అరలో ఉందో, దేనికి చెద పట్టిందో, ఏది ఎలాంటి పిల్లలకి పనికొస్తుందో ఐదేళ్ళుగా రాసుకున్న పట్టిక ఆ డెస్క్‌టాప్ మీద ఉండేదట. "ఎక్కడైనా ఉంటుందేమో చూడండి" అన్నారు. చూశాను. లేదు. "పర్వాలేదండీ, మళ్ళీ రాసుకుంటాన్లెండి" అన్నారు. నాలుగు తిట్టినా బాగుండేది అనిపించింది.

"ఆవిడే కొట్టేయమన్నారండీ, ఆయ్ అన్నారు" అని మేడమ్ గారి ముందు గింజుకున్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "ఈ నేల మీద పుట్టి ఆ మాట నువ్వంటే ఎలాగమ్మా? మనం ఆయ్ అంటే సరేనని కాదు. ఎదటి మనిషి మాట తీసెయ్యలేక అంటాం. పని చెయ్యడానికి వచ్చి నిలబడ్డ మనిషికి అడ్డు చెప్పలేక అంటాం. నువ్వూ అంటావు, నేనూ అంటాను."

శిక్ష ఏమీ వెయ్యలేదు. నెల రోజుల పాటు భోజనాలయ్యాక నన్ను లైబ్రరీకి తీసుకెళ్ళారు. సీతారత్నం గారు అర అరా చూసి చెబుతుంటే నేను టైపు చేసేదాన్ని, మేడమ్ గారు నిచ్చెన పట్టుకునేవారు. పాత పుస్తకాల దుమ్ము ముక్కుల్లో దూరి ముగ్గురికీ తుమ్ములే తుమ్ములు. నేను గంటలో తుడిచిపెట్టింది తిరిగి కట్టడానికి ముగ్గురం నెల కూర్చున్నాం, అయినా మొత్తం రాలేదు. ఆ నెల తరవాత నుంచి ఏ మిషన్ ముట్టుకున్నా దాని మనిషిని రెండేసి సార్లు అడిగేదాన్ని. రెండుసార్లు అడిగితే మా వాళ్ళు రెండుసార్లూ ఆయ్ అంటారన్న జ్ఞానం అప్పటికి లేదు.

మేడమ్ గారు పాతదాన్ని పట్టుకు వేలాడే రకం అనుకునేరు, అది కాదు. ఈ ముక్క చెప్పకపోతే ఆవిడకి అన్యాయం చేసినట్టే. ప్రిన్సిపాల్ గారి మిషన్‌కి బోర్డు మార్చినప్పుడు అది పాత విండోస్‌తోనే లేచింది గానీ, రోజుకి రెండుసార్లు నీలం తెర వేసుకుని చతికిలబడేది. పాత బోర్డుతో మాట్లాడటానికి అలవాటుపడ్డ డ్రైవర్ ప్రోగ్రాములన్నీ ఒక్కొక్కటే తీసి చూశారావిడ. రెండు రోజులు ఓపిక పట్టారు. మూడో రోజు "తియ్యమ్మా నీ మెళ్ళో పతకం" అన్నారు. నేను నా చెవుల్ని నమ్మలేదు. "కాపీ తీసి పెట్టేం, ఆయన వాడేవన్నీ రాసుకున్నాం, ఇంకా మొహమాటం దేనికి? దీనికి కొత్తది ఎక్కించాల్సిందే" అన్నారు. ఆ రోజు నేనెంత ఉత్సాహంగా ఫార్మాట్ కొట్టానో! పండగ పూట గుమ్మానికి తోరణం కట్టినంత శ్రద్ధగా ఒక్కో ప్రోగ్రామూ ఎక్కించాను. ఆ మిషన్ మళ్ళీ నీలం మొహం చూపించలేదు.

ఇక భాస్కరరావు మాస్టారి సంగతి. ఇప్పటికీ ఇది చెప్పేటప్పుడు నా గొంతు ఒక మెట్టు పైకి లేస్తుంది, క్షమించాలి.

మాస్టారు మా కాలేజీలో చరిత్ర చెప్పేవారు. పుట్టుకతోనే చూపు లేదు. ఆయన కంప్యూటర్‌లో, తెర మీద ఉన్నదంతా పైకి చదివి వినిపించే ప్రోగ్రామ్ ఒకటి ఉండేది. అది ఎంత వేగంగా మాట్లాడేదంటే మాకు ఒక్క ముక్క అందేది కాదు, ఆయనకి అక్షరం పొల్లుపోయేది కాదు. కోనసీమ కాలువల మీద, లాకుల మీద ఆయన పరిశోధన చేస్తున్నారు. ఎనిమిదేళ్ళ పని. గ్రంథం యూనివర్సిటీకి ఇవ్వడానికి పది రోజుల గడువుందనగా ఒక మధ్యాహ్నం ఉరుములతో వాన వచ్చింది, కాలేజీ వెనక ఎక్కడో పిడుగు పడింది, మాస్టారి గదిలో మిషన్ బోర్డు మాడిపోయింది. డిస్క్ మాత్రం దక్కింది. రెండు రోజుల్లో కొత్త బోర్డు, కొత్త ప్రాసెసర్, కొత్త ర్యామ్ తెప్పించారు. పాత మిషన్‌లో మిగిలింది ఆ డిస్క్ ఒక్కటే.

నేను బుద్ధిగా వెళ్ళి అడిగాను. "మాస్టారూ, అన్నీ మారిపోతున్నాయండి. సిస్టమ్ కొత్తగా ఎక్కించెయ్యమంటారా? పాతదాంట్లో ఏమైనా ఉన్నాయాండీ?"

"ఆయ్, ఏమీ లేవండి. గ్రంథమంతా పెన్ డ్రైవ్‌లో ఉందండి. కానివ్వండి."

"మళ్ళీ ఒకసారి ఆలోచించండి మాస్టారూ."

"ఆయ్, ఏమీ లేవండీ."

రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ చెప్పారు. చదువుకున్న మనిషి, తన వస్తువు ఎక్కడుందో తెలిసిన మనిషి. నా బాధ్యత తీరిందనుకుని డిస్క్ పట్టుకుని ల్యాబ్‌కి వచ్చేశాను. మాస్టారు కూడా నా వెనకే కర్ర తాటించుకుంటూ వచ్చారు. మెడలోంచి పెన్ డ్రైవ్ తీశాను. మేడమ్ గారు నన్నేమీ అనలేదు. లేచి, తన కుర్చీ తీసుకెళ్ళి పని చేస్తున్న ఒక ల్యాబ్ మిషన్ ముందు వేశారు. అందులోనూ మాస్టారు వాడే రకం ప్రోగ్రామే ఉంది, విద్యార్థుల కోసం కొత్తగా ఎక్కించి ఉంచింది.

"మాస్టారు గారూ, ఒక్కసారిలా కూర్చోండి. పొద్దున్నే మొదట ఏం తెరుస్తారండీ? అది మాకు చేసి చూపించండి."

ఆయన కూర్చున్నారు. పెన్ డ్రైవ్‌లోంచి తన గ్రంథం తెరిచారు. ప్రోగ్రామ్ చదవడం మొదలుపెట్టింది. రెండో వాక్యంలోనే ఆయన మొహం ముడుచుకుంది. మూడో వాక్యంలో ఆపేశారు. మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ ఆపారు. వేళ్ళు ఏవో మీటలు నొక్కాయి, అనుకున్నది జరగలేదు.

"వీడు మావాడు కాదండీ" అన్నారు మెల్లగా.

అప్పుడు బయటపడింది. పాత రికార్డులన్నీ ఇంగ్లీషులో ఉండటం వల్ల ఆయన గ్రంథం కూడా ఇంగ్లీషులోనే నడిచింది. అందులో మన ఊళ్ళ పేర్లు, కాలువల పేర్లు, రేవుల పేర్లు వేలకొద్దీ. ఆ ప్రోగ్రామ్ వాటిని ఏదో పరాయి దేశపు ఊళ్ళలా చదివేది. వాడు తప్పు చదివినప్పుడల్లా ఆయన ఆపి, ఆ పేరు ఎలా పలకాలో నేర్పి, మళ్ళీ ముందుకు వెళ్ళేవారు. ఎనిమిదేళ్ళు అలా నేర్పారు. ఆ ప్రోగ్రామ్, ఆ గొంతు అప్పట్లో హైదరాబాద్‌లో ఎవరో స్నేహితుడు ఎక్కించి ఇచ్చినవి, అంత పాతవి మళ్ళీ దొరుకుతాయో లేదో ఆయనకి తెలియదు.

"మరి ఏమీ లేవన్నారేంటండీ!" అన్నాను. నా గొంతులో ఏడుపుందో కోపముందో నాకే తెలియలేదు.

"అవి పోతాయనుకోలేదండీ. నేర్చుకున్నది ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. పైగా మీరు పని పెట్టుకుని వచ్చేరు, అడ్డం చెప్పడం ఎందుకనీ..." అని ఆగి, "పర్వాలేదండీ. గ్రంథం చివరిసారి మొత్తం విని తప్పులు దిద్దుకోవాలి. ఎవరో ఒకరు చదివి పెడతార్లెండి" అన్నారు.

ఆ చివరి మాట ఆయన ఎంత కష్టపడి అన్నారో అక్కడున్న మాకు తెలుసు. ఎనిమిదేళ్ళ పని ఒక్కరి సాయం అడక్కుండా చేసుకున్న మనిషి, ఆఖరి వారంలో ఎవరి తీరిక కోసమో గుమ్మంలో నిలబడాలి. నా చేతిలో పెన్ డ్రైవ్ బరువెక్కింది.

"ఎవరో ఎందుకండీ?" అన్నారు మేడమ్ గారు. "మీవాడే చదువుతాడు. కూర్చోండి."

పాత డిస్క్‌ను ఇంకో మిషన్‌కి తగిలించి, ముందుగా మొత్తం డిస్క్‌కి ఉన్నదున్నట్టు కాపీ తీయడం మొదలుపెట్టారు. అది గంటల తరబడి సాగింది. కాపీ పూర్తయ్యేదాకా స్క్రూడ్రైవర్ ముట్టుకోవద్దన్నారు. నేను కాలుగాలిన పిల్లిలా ల్యాబ్ అంతా తిరిగాను. ప్రిన్సిపాల్ గారు తొంగి చూసి, "ఫార్మాట్ కొట్టేస్తే ఈపాటికి అయిపోయేది గదండీ?" అన్నారు. "ఆయ్, అయిపోయేదండీ" అన్నారు మేడమ్ గారు ఎంతో మర్యాదగా, డిస్క్ దగ్గర నుంచి కదలకుండా. ఆవిడ ఆయ్ కూడా సరేనని కాదని ఆయనకి అర్థమైనట్టే ఉంది, ఇంకేమీ అనకుండా ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

కాపీ అయింది. డిస్క్‌ను కొత్త బోర్డుకి బిగించాం. పాత డిస్క్‌కి అర్థమయ్యేలా బోర్డు సెట్టింగుల్లో ఒకటి రెండు మార్చి, మేడమ్ గారు స్విచ్ నా చేత వేయించారు. విండోస్ గుర్తు కనబడింది. చుక్కలు గుండ్రంగా తిరిగాయి. కొత్త పరికరాలను సిద్ధం చేసుకుంటున్నానంది. తనంతట తానే ఆగి, మళ్ళీ మొదలైంది. మళ్ళీ చుక్కలు తిరిగాయి. తరవాత తెర నల్లబడింది.

ఐదు నిమిషాలు చూశాం. పది నిమిషాలు చూశాం. అప్పటికి సీతారత్నం గారు, గుమాస్తాలు కూడా వచ్చి మా వెనక నిలబడ్డారు. అందరం ఆ నల్ల తెర వంకే చూస్తున్నాం. అది అలాగే ఉంది.

"లేవదండీ మేడమ్ గారూ" అన్నాను. "కొట్టేద్దామండి. కాపీ ఉంది గదండీ."

మేడమ్ గారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. ఆవిడ మొహంలో ఓటమి నేను అదే మొదటిసారి చూడటం. "ఇంకొక్క నిమిషం చూద్దామమ్మా" అన్నారు గానీ, గొంతులో ధీమా లేదు.

"ఏంటండీ, అందరూ ఊరుకున్నారు?" అన్నారు మాస్టారు, గోడవార కుర్చీలోంచి.

"తెర రాలేదండీ మాస్టారూ" అన్నాను.

"తెర నాకెందుకండీ?"

అవును, తెర ఆయనకెందుకు? స్పీకర్లు ఆయన గదిలోనే ఉండిపోయాయి, వాటి సంగతే మాకు తట్టలేదు. కళ్ళున్న వాళ్ళం ఇంతమందిమి చుట్టూ మూగి, మిషన్‌ని చూస్తూ నిలబడ్డాం గానీ ఒక్కరం వినలేదు. మాస్టారు తన సంచీలోంచి హెడ్‌ఫోన్ తీశారు. బల్ల దాకా వచ్చి, కంప్యూటర్ డబ్బా ముందువైపు తడుముకుని రంధ్రం పట్టుకుని తగిలించారు. తల కొంచెం వంచి విన్నారు. ఆ మొహం మీద నవ్వు ఎలా వచ్చిందో చెప్పడానికి నాకు మాటలు చాలవు. ఎండలోకి కిటికీ తెరిచినట్టు వచ్చింది.

"లేచేడండీ" అన్నారు. "ఎప్పుడో లేచేడు. కూర్చుని నన్నే పిలుస్తున్నాడు."

నేను స్పీకర్ల కోసం మాస్టారి గదికి పరిగెత్తాను. ఆ వరండాలో అంత పరుగు నేను మళ్ళీ ఎప్పుడూ పరిగెత్తలేదు. వచ్చి తగిలించేసరికి ఆయన తన మీటలు తాను నొక్కుకుంటూ గ్రంథం తెరిచేశారు. మా కోసం వేగం తగ్గించారు. ఆ పాత గొంతు అయినవిల్లి అంది, మనం అన్నట్టే. ముక్తేశ్వరం అంది. బొబ్బర్లంక అంది, జొన్నాడ అంది. నల్ల తెర మీద ఏమీ లేదు, గది నిండా మా ఊళ్ళ పేర్లు. సీతారత్నం గారు చప్పట్లు మొదలుపెట్టారు. ప్రిన్సిపాల్ గారు లేచి నిలబడి మరీ కొట్టారు. నేను ఏడ్చాను, చెప్పడానికి సిగ్గేమీ లేదు. తరవాత చూస్తే తప్పు, మానిటర్ కేబుల్‌ని కొత్త బోర్డుకి కలపడానికి తగిలించిన కన్వర్టర్ ముక్కది. మార్చగానే తెర వచ్చింది. అప్పుడు దాని వంక చూసిన వాళ్ళు ఒక్కరూ లేరు.

బోర్డు కొత్తది కావడంతో విండోస్ లైసెన్సు మళ్ళీ అడిగింది, అదీ సర్దాం. మాస్టారు గ్రంథం మొత్తం విని, దిద్దుకుని, గడువుకి రెండు రోజుల ముందే ఇచ్చేశారు. కొన్ని నెలలకి డాక్టర్ భాస్కరరావు గారై చక్రకేళీ అరటిగెల ఒకటి మోయించుకుని ల్యాబ్‌కి వచ్చారు. "ఇది మేడమ్ గారికండి" అంటే, ఆవిడ "నాగమణి బిగించిందండీ" అని గెల నా వైపు తోశారు. అప్పటికి నేను ఆయన నేర్పిన మాటల పట్టిక డిస్క్‌లో ఎక్కడుందో వెతికి పట్టుకుని, విడిగా ఒక కాపీ తీసి ఆయనకి ఇచ్చి ఉన్నాను. ఎవరూ చెప్పకుండా నేను చేసిన మొదటి బుద్ధిమంతురాలి పని అది.

ఆ రోజు అరటిపండు ఒలుచుకుంటూ అడిగాను, "మీకూ అనుమానం వచ్చింది గదండీ, లేవదేమోనని?"

"రాకపోవడమేంటి? అనుమానం ఉండబట్టే గదమ్మా కాపీ తీసింది" అని నవ్వారు. "కొత్తది ఎక్కించాలా వద్దా అని మిషన్‌ని చూసి తేల్చకు. దాని మనిషిని ముందు కుర్చీలో కూర్చోబెట్టి చూడు. చూసేక కొట్టేయాలనిపిస్తే నిక్షేపంలా కొట్టేయ్."

నేను షాపు పెట్టుకోవడానికి కారణం కూడా ఆవిడే. "నీ చేతిలో పనుంది. తొందర కూడా చాలావరకు తగ్గింది. ఇంకా ఇక్కడ నా వెనక తిరగడం దేనికి?" అని దాదాపు గెంటినంత పని చేశారు. మా ఇంట్లో ఆడపిల్లకి రిపేరు షాపేంటని గొడవ పెడితే, తనే మా పల్లెకి వచ్చి, మా నాన్నగారి ముందు కూర్చుని, కాఫీ తాగి, ఒప్పించి వెళ్ళారు. ఏం చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ వెళ్ళాక మా నాన్న "షాపుకి పేరేం పెడతావు?" అని మాత్రం అడిగారు.

ఇప్పుడు బల్ల మీద ఉన్న కంప్యూటర్ సంగతి. మేడమ్ గారు రిటైరై రాజోలులో వాళ్ళ అక్కయ్య గారితో ఉంటున్నారు. ఇవాళ పొద్దున్న ఆటో దిగి, డబ్బా నా బల్ల మీద పెట్టించారు. "నెమ్మదించిందమ్మా. కొత్త డిస్క్ వెయ్యి, ర్యామ్ పెంచు" అన్నారు. చాలా నెలల తరవాత ఆవిణ్ణి చూసిన సంతోషంలో నా నోట్లోంచి ఆ పనికిమాలిన ప్రశ్న జారిపోయింది.

"ఏమైనా ఉన్నాయాండీ ఇందులో?"

"ఆయ్, ఏమీ లేవమ్మా. కొట్టెయ్యి."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాకు నవ్వాగలేదు. కుర్చీ తెచ్చి బల్ల ముందు వేసి, ఆవిడ డబ్బాకే తీగలు తగిలించి, "కూర్చోండి మేడమ్ గారూ. పొద్దున్నే మొదట ఏం తెరుస్తారండీ?" అన్నాను. దొరికిపోయిన దొంగలా కూర్చున్నారావిడ. చెయ్యి మౌస్ దగ్గరికి పోలేదు. మీటల మీదికి వెళ్ళింది. స్పీకర్లోంచి ఒక గొంతు మాట్లాడింది, మాస్టారి మిషన్ మాట్లాడినట్టే, కాకపోతే నిదానంగా.

ఏడాదిగా చూపు మసకబారుతోందట. ఎవరికీ చెప్పలేదు. భాస్కరరావు మాస్టారికి మాత్రం ఫోన్లో గొంతు వినే తెలిసిపోయిందట. ఆయన రాజోలు వచ్చి, రెండు రోజులు పక్కన కూర్చుని, ప్రోగ్రామ్ ఎక్కించి, నేను తీసిచ్చిన ఆ మాటల పట్టిక అందులో కలిపి, వాడటం నేర్పి వెళ్ళారు. పట్టికకి మేడమ్ గారు తనవి మరికొన్ని చేర్చుకున్నారు. పొద్దున్నే ఆవిడ మొదట తెరిచేది ప్రార్థనలో తలుచుకునే పేర్ల జాబితా. మిషన్ ఒక్కో పేరూ చదువుతుంది, ఆవిడ ఒక్కొక్కరి కోసం ప్రార్థిస్తారు. సీతారత్నం, అంది మిషన్. భాస్కరరావు, అంది. తరవాత, ఎక్కడా తడబడకుండా, నాగమణి, అంది.

ఆవిడ కుర్చీ పక్కకి వచ్చి అడిగాను. "ఇది పెట్టుకుని ఏమీ లేవన్నారా? మొహమాటమాండీ, నా దగ్గర కూడా?"

"ఆయ్" అన్నారు మేడమ్ గారు.

ముందు కాపీ తీశాను. కొత్త డిస్క్‌లోకి ఉన్నదున్నట్టు దింపాను. ర్యామ్ రబ్బరుతో రుద్దాను. ఆ వాసన దగ్గరే గదా ఇది మొదలుపెట్టాను. ఈ పనంతా అయ్యేదాకా ఆవిడ ఆ కుర్చీలోనే కూర్చున్నారు, నేను తొందరపడలేదు. స్విచ్ వేసి, అలవాటు చావక తెర వంక చూస్తున్నాను. తెర వెలగకముందే, స్పీకర్‌కి చెవి దగ్గరగా పెట్టుకుని ఉన్న మేడమ్ గారు నా మోచెయ్యి పట్టుకున్నారు.

"లేచిందమ్మా" అన్నారు.

పెన్ డ్రైవ్ ఇప్పటికీ నా దగ్గర ఉంది, మెడలో కాదు, సొరుగులో. అవసరమైన రోజు తీస్తాను, నిక్షేపంలా కొట్టేస్తాను. కానీ దానికంటే ముందు కుర్చీ వేస్తాను. నాకు వచ్చిన పనంతా ఆ కుర్చీ తరవాతే.

మేడమ్ గారి డబ్బాకి మూత బిగిస్తుండగా ఒకావిడ తన కంప్యూటర్ సంచీలో పెట్టి మోసుకుంటూ షాపు మెట్లెక్కింది. కొత్త డిస్క్ వెయ్యాలంది. నేను నోరు తెరవకముందే, "అందులో ఏమీ లేవండి, కొట్టేయండి" అంది నవ్వుతూ. మేడమ్ గారు నెమ్మదిగా లేచారు. తాను కూర్చున్న కుర్చీని చేత్తో తడిమి పట్టుకుని, ఆవిడ వైపు జరిపారు.